ఓవెన్‌లో ఆలుగడ్డలు కరకరలాడాలంటే అసలు పని గిన్నెలోనే

మీరు రాసింది మొత్తం చదివాను. 28 లీటర్ల ఓటీజీ, అంటే కౌంటర్ మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్, ముప్పావు కిలో ఆలుగడ్డలు. పచ్చి ముక్కలకే ఒక టీస్పూను నూనె, ఉప్పు, కారం, పసుపు పట్టించి, ట్రేలో ఫాయిల్ పరిచి 200 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు పెట్టారు. పైన కారం మాడింది, ముక్క తోలులా సాగుతోంది, అడుగున ఫాయిల్‌కి అంటుకుపోయింది. వచ్చే ఆదివారం ఎనిమిది మంది భోజనానికి వస్తున్నారు, పప్పుచారులో నంజుకోవడానికి మూకుడు వేపుడు బదులు ఇవే పెట్టాలని ఉంది, ఓవెన్ మార్చాలా అని అడిగారు. మార్చక్కర్లేదు. ఆ డబ్బు దాచుకోండి.

నేను కొన్నేళ్లు ఇంగ్లండ్‌లో ఒక పబ్ వంటగదిలో పనిచేశాను. ఆదివారం రోస్ట్ భోజనం విషయంలో అక్కడివాళ్లకి పట్టింపు ఎక్కువ. మాంసం కాస్త ఎక్కువ ఉడికినా ఊరుకుంటారు గానీ, పక్కన పెట్టిన ఆలుగడ్డ మెత్తబడితే ప్లేటు వెనక్కి వచ్చేస్తుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంట్లో మీలాంటి చిన్న ఓటీజీలోనే చేస్తున్నాను. రెండు వంటగదుల్లోనూ నాకు తేలింది ఒకటే. కరకర ఓవెన్‌లో పుట్టదు. స్టవ్ మీద గిన్నెలో పుడుతుంది, ఓవెన్ దాన్ని ఆరబెట్టి రంగు తెస్తుంది, అంతే. మీరు గిన్నె పని మొత్తం వదిలేసి భారమంతా ఓవెన్ మీద వేశారు.

ఎందుకో చెప్తాను. ఆలుగడ్డలో దాదాపు 80 శాతం నీళ్లే. ముక్క పైభాగంలో తడి ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు, ఓవెన్ 200లో ఉన్నా 250లో ఉన్నా సరే. ఎర్రగా వేగిన రంగు, ఆ కమ్మటి వాసన గట్టిగా మొదలయ్యేది 140 డిగ్రీల పైన. అంటే ముందు పైపొర తడి పోవాలి, ఆ తర్వాతే వేగడం. పచ్చి ముక్క పెడితే లోపలి నీరు ఆగకుండా పైకి వస్తూనే ఉంటుంది. ఆ లోపు పైన ఉన్న పలచటి పొర ఎండి గట్టిపడుతుంది, కానీ పెళుసుగా మారదు. మీకు వచ్చిన తోలు అదే. ఇంకో 20 నిమిషాలు ఉంచినా తోలు మందమవుతుంది తప్ప విరగదు.

అదే ముక్కని ముందు నీళ్లలో ఉడికించారనుకోండి. పైపొరలోని పిండి పదార్థం నీరు పీల్చుకుని ఉబ్బి గంజిలా అవుతుంది. కణాల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే పెక్టిన్ కరిగి, అంచులు వదులవుతాయి. నీళ్లు వంచేసి గిన్నెని గట్టిగా కుదిపితే ఆ వదులైన అంచులు చితికి, ముక్క చుట్టూ గరుకైన గంజి పూత పడుతుంది. నూనెలో, వేడిలో ఆ పూత ఎండితే వచ్చేదే కరకరలాడే పొర. గరుకు ఎక్కువైతే నూనె పట్టే చోటు ఎక్కువ, వేగే అంచులు ఎక్కువ. నున్నటి ముక్క ఎప్పటికీ అలా వేగదు.

ఇక్కడే వంట సోడా పని. రెండు లీటర్ల నీళ్లకి అర టీస్పూను. సోడా లాంటి క్షారం ఉంటే పెక్టిన్ త్వరగా కరుగుతుంది కాబట్టి, లోపల ముక్క గట్టిగా ఉండగానే పైపొర బాగా చితుకుతుంది. దీనికి ఉల్టా సంగతి మీకు తెలిసిందే. చింతపండు పులుసు పోశాక వేసిన దుంప ముక్క ఎంతసేపు మరిగినా బిరుసుగానే ఉంటుంది, ఎందుకంటే పులుపు పెక్టిన్‌ని కరగనివ్వదు. బోరు నీళ్లలో కందిపప్పు ఉడకక సతాయించేదీ ఇలాంటి కారణంతోనే, ఆ నీళ్లలోని కాల్షియం పెక్టిన్‌ని గట్టిపరుస్తుంది. మీ ఇంట్లో బోరు నీళ్లయితే ఈ ఒక్క పనికి తాగే నీళ్లు వాడండి. సోడా మాత్రం అర టీస్పూనుకి మించొద్దు. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, ముక్కలు ముద్దవుతాయి.

ఇంకొక మాట, ఈ సోడా నీళ్లలో పసుపు వేయకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎలా వస్తుందో, ఇక్కడా అదే జరిగి దుంపలు ఇటుక రంగుకి తిరుగుతాయి. తినడానికి ఇబ్బంది లేదు, చూడ్డానికే బాగోదు.

ఇక పని. కిలో దుంపలు తీసుకోండి. తొక్క తీయాలి. తొక్కతో చేస్తే వేరే వంటకం అవుతుంది, బాగుంటుంది కూడా, కానీ మీరు అడిగింది అది కాదు. ముక్కలు పెద్దవిగా కోయండి, మధ్యరకం దుంపైతే నాలుగు ముక్కలు, చిన్నదైతే రెండు. వేపుడుకి కోసినట్టు చిన్న చిన్న ముక్కలు కోస్తే ఉడికేసరికి చెదిరిపోతాయి, ఓవెన్‌లో లోపల గుజ్జు లేకుండా ఎండిపోతాయి. ముక్కకి చదునైన కోత ముఖాలు ఎక్కువ ఉండేలా కోయండి, ట్రేకి ఆనుకుని బాగా ఎర్రబడేవి అవే.

చల్లటి నీళ్లలోనే ముక్కలు వేసి, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల ఉప్పు, ఆ అర టీస్పూను సోడా వేసి మంట పెద్దది పెట్టండి. ఉప్పు చూసి భయపడకండి, చాలా వరకు నీళ్లతో పోతుంది. కానీ ముక్క లోపలికి ఉప్పు వెళ్లే దారి ఇదొక్కటే, తర్వాత పైన ఎంత చల్లినా లోపల చప్పగానే ఉంటుంది. తెర్లడం మొదలయ్యాక మంట తగ్గించి 8 నుంచి 10 నిమిషాలు. టైమ్ కంటే ముక్కని నమ్మండి. చాకు మొన గుచ్చితే పెద్దగా అడ్డు లేకుండా దిగాలి, మధ్యలో మాత్రం కొంచెం పట్టు ఉండాలి. ముక్క పదును అంచులు గుండ్రబడి, చుట్టూ నీళ్లు పాలరంగుకి వస్తే సిద్ధమైనట్టే. కుక్కర్ వద్దు. ఒక విజిల్ అటూ ఇటూ అయితే ఆలు కుర్మాకి తప్ప పనికిరావు.

చిల్లుల గిన్నెలోకి వంచేశాక తొందరపడకండి. ముక్కలు రెండు మూడు నిమిషాలు అలాగే ఆవిర్లు కక్కనివ్వండి. ఆ పోయే ఆవిరి అంతా ఓవెన్‌కి తప్పిన పని. తడి మెరుపు పోయి పైభాగం పొడిబారి తెల్లగా కనిపిస్తుంది. అప్పుడు వేడి గిన్నెలోకి తిరిగి వేసి, నూనె పోసి, మూత పెట్టి, గుడ్డతో రెండు వైపులా పట్టుకుని నాలుగైదు సార్లు గట్టిగా కుదపండి. మెల్లగా కాదు. మూత తీసి చూస్తే ప్రతి ముక్క చుట్టూ నూనె కలిసిన ముద్దపప్పు పూసినట్టు ఉండాలి. గిన్నె గోడలకి కూడా ఆ గుజ్జు అంటుకుని ఉంటుంది, దాన్నీ గరిటెతో గీరి ముక్కల మీదే వేయండి. కొత్తగా చేసేవాళ్లు ఇక్కడ భయపడి ఆగిపోతారు, ముక్కలు పాడైపోయాయనుకుంటారు. పాడైనట్టు కనిపించడమే కావలసింది.

నూనె సంగతి. ఒక టీస్పూను చాలదండీ. ఓవెన్ వంట అంటే నూనె లేని వంట అనే ప్రచారం ఎక్కడినుంచి వచ్చిందో గానీ, దానివల్ల చాలామంది ఇళ్లలో దుంపలు చెక్కముక్కల్లా తయారవుతున్నాయి. కిలోకి మూడు నుంచి నాలుగు టేబుల్ స్పూన్లు పడాలి. నూనె రుచికి మాత్రమే కాదు, ట్రే వేడిని ఆ గరుకు పొరలోని ప్రతి సందులోకీ మోసుకెళ్లేది అదే. మూకుడు నిండా పోసి వేయించే దానితో పోలిస్తే వాడేది ఎటూ తక్కువే. ఇంగ్లండ్‌లో గొడ్డు కొవ్వు, బాతు కొవ్వు వాడతారు. మనకి నెయ్యి అంతకంటే ఏం తక్కువ కాదు, పైగా 250 డిగ్రీల దాకా పొగరాదు. నేను సగం రిఫైన్డ్ వేరుశనగ నూనె, సగం నెయ్యి వాడతాను. గానుగ నూనె, ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె ఈ వేడికి తొందరగా పొగలొస్తాయి, వాటిని పచ్చళ్లకీ సలాడ్లకీ ఉంచుకోండి.

ఇప్పుడు ఓవెన్. ఫాయిల్ తీసేయండి. మెత్తటి పిండి పొరకి, ఫాయిల్ ముడతలకి అస్సలు పడదు, అంటుకుంటే మీకు కావలసిన కరకర పొర మొత్తం ఫాయిల్‌కే మిగులుతుంది. ఓటీజీతో వచ్చిన నల్ల ట్రే చాలు. గాజు పాత్ర వద్దు, నెమ్మదిగా వేడెక్కుతుంది, పైగా వేడెక్కాక చల్లటి ముక్కలు పడితే పగిలే ప్రమాదం. పైన కింద రెండు కడ్డీలూ వెలిగే మోడ్ పెట్టి, ఫ్యాన్ ఉంటే అదీ వేసి, 230 దగ్గర ఖాళీ ట్రేతో సహా 15 నిమిషాలు వేడెక్కనివ్వండి. ఎర్ర లైటు ఆరిపోయిందంటే ఓవెన్ సిద్ధమని కాదు. గాలి వేడెక్కి ఉంటుంది గానీ గోడలు, ట్రే ఇంకా వెనకే ఉంటాయి. తలుపు తీయగానే గాలి వేడి పోతుంది, గోడల వేడి ఉంటేనే మళ్లీ అందుకుంటుంది. చిన్న ఓటీజీల్లో డయల్ మీద అంకెకీ లోపలి వేడికీ తేడా మామూలే. లోపల వేలాడదీసే ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, కొత్త ఓవెన్ కంటే అది ఎక్కువ పనికొస్తుంది.

ఓటీజీని 16 ఆంప్స్ పవర్ ప్లగ్‌కే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి కాదు. వోల్టేజీ సంగతి కూడా ఎవరూ చెప్పరు. కడ్డీ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి తగ్గుతుంది. 230 వోల్టులు ఉండాల్సిన చోట 200 వోల్టులు వస్తే దాదాపు పావు వంతు వేడి పోయినట్టే. ఎండాకాలం సాయంత్రాలు ఏసీలన్నీ నడిచే వేళ కేకులు, దుంపలు ఒక్కసారిగా మొరాయిస్తే వంట తెలియక కాదు. మీ భోజనం మధ్యాహ్నమే కాబట్టి టెన్షన్ లేదు.

ట్రే బయటికి తీసి, ముక్కలు ఒక్కొక్కటీ చదును ముఖం కిందికి వచ్చేలా పటకారుతో పేర్చండి. వేడి ట్రేకి తగలగానే సుయ్ మని చప్పుడు రావాలి, రాకపోతే ట్రే ఇంకా వేడెక్కలేదు. ముక్కకీ ముక్కకీ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉంచండి. ఒకదానిమీద ఒకటి పడితే ఒకదాని ఆవిరి ఇంకోదానికి తగిలి అన్నీ ఉడుకుతాయి, ఏదీ వేగదు. ట్రేని మధ్య కంటే ఒక మెట్టు కిందపెట్టి 220కి తగ్గించి, 20 నుంచి 25 నిమిషాలు ముట్టుకోకండి. తొందరపడి తిప్పితే పొర ట్రేకే ఉండిపోతుంది. అడుగు వేగితే ముక్క దానంతటదే వదిలేస్తుంది, పలచటి అట్లకాడతో తోస్తే కదులుతుంది. కదలకపోతే ఇంకో అయిదు నిమిషాలు.

తిప్పేటప్పుడు తలుపు తీయగానే ముఖానికి ఆవిరి కొడుతుంది. ఆ ఆవిరి పోవడం మంచిదే. ఫ్యాన్ లేని ఓటీజీలో ఇది ఇంకా ముఖ్యం. తిప్పాక ఇంకో 20 నుంచి 30 నిమిషాలు, మధ్యలో ఒకసారి ట్రేని ముందు వెనకలు చేయండి, ఎందుకంటే వెనక వైపు ఎప్పుడూ ముందు మాడుతుంది. మొత్తం 50 నిమిషాలు దగ్గర పడుతుంది. మీరు పెట్టిన 30 నిమిషాలు ఎలా చేసినా చాలవు. అయిందని చెవికి తెలుస్తుంది. ట్రేని కుదిపితే ముక్కలు మెత్తగా దొర్లకుండా గలగలమంటాయి.

రంగు బంగారు రంగు దాటి ముదురు ఎరుపులోకి పోకముందే తీసేయండి. పిండి పదార్థాలు గట్టి వేడికి గురైతే ఒంటికి మంచిది కాదని అనుమానించే యాక్రిలమైడ్ అనే పదార్థం ఏర్పడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ముదురు గోధుమ రంగుకి వెళ్లే కొద్దీ అది పెరుగుతుంది. రోజూ తినే వంట కాదు కదా అని నేను దీనికి భయపడను, కానీ మాడిన ముక్కలు పిల్లల ప్లేట్లో వేయను.

మసాలా. మీ కారం మాడటానికి కారణం సింపుల్, కారప్పొడి అంత సన్నటి పొడి అరగంట పాటు ఓవెన్ వేడిని తట్టుకోదు. పసుపూ అంతే, ధనియాల పొడీ అంతే. అవన్నీ ఆఖర్న వేయాలి. నేను చేసేది ఇది. దుంపలు ఉడుకుతుండగా నూనె, నెయ్యి చిన్న మూకుడులో సన్నటి మంట మీద పెట్టి, పొట్టుతో దంచిన వెల్లుల్లి, రెండు ఎండుమిర్చి, బాగా తుడిచి ఆరబెట్టిన కరివేపాకు వేస్తాను. వెల్లుల్లి లేత బంగారు రంగుకి రాగానే వడకట్టి, ఆ నూనెనే దుంపలకి పట్టిస్తాను. వడకట్టిన వెల్లుల్లి, కరివేపాకు పక్కన ఉంచి, ఓవెన్‌లోంచి తీసిన దుంపల మీద చివర్లో నలిపి చల్లుతాను. వాసన మొదట్నుంచీ ఉంటుంది, మాడిన చేదు ఉండదు.

పైన చల్లడానికి మన పొడులున్నాక బయట కొనే మసాలా ప్యాకెట్లు ఎందుకో నాకు అర్థం కాదు. ఎండుకొబ్బరి వెల్లుల్లి కారం ఈ దుంపల మీద వేరే స్థాయిలో ఉంటుంది. కరివేపాకు పొడి, నువ్వుల పొడి కూడా. పప్పుచారులోకి అయితే వెల్లుల్లి కారమే వేయండి, చారు పులుపుకి అది కావాలి. పెరుగన్నంలోకి అయితే ఉప్పు, మిరియాల పొడి చాలు. ముక్కలు వేడిగా ఉండగానే వెడల్పు గిన్నెలో వేసి, పొడి చల్లి, రెండు సార్లు ఎగరేయాలి. నిమ్మరసం మాత్రం పైన పిండకండి, ఎవరి కంచంలో వాళ్లు పిండుకోవచ్చు. ఇంత కష్టపడి తీసిన తడి మళ్లీ మనమే పోసినట్టవుతుంది.

బొంబాయి రవ్వ లేదా బియ్యప్పిండి చల్లొచ్చా అని అడిగారు. చల్లొచ్చు. ఇంగ్లండ్‌లోనూ చాలా ఇళ్లలో సెమోలినా, అంటే మన రవ్వే, కుదిపే ముందు ఒక టేబుల్ స్పూను చల్లుతారు. పొర ఇంకొంచెం గట్టిగా, ఎక్కువసేపు నిలుస్తుంది. నాకైతే రవ్వ పంటికి విడిగా తగలడం నచ్చదు, సోడా వాడితే అవసరం కూడా రాదు. దుంప మంచిది దొరకని రోజున బియ్యప్పిండి ఒక టేబుల్ స్పూను వాడతాను.

దుంప ఎంపిక నిజంగానే పెద్ద సంగతి, దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. మన మార్కెట్లో దుంప రకం పేరు ఎవరూ రాయరు. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ విడుదల చేసిన రకాల పేర్లన్నీ కుఫ్రీతో మొదలవుతాయి, కుఫ్రీ అంటే సిమ్లా దగ్గరి ఊరు. 1968లో వచ్చిన కుఫ్రీ జ్యోతి, 1998లో వచ్చిన కుఫ్రీ పుఖ్‌రాజ్ కూరలకి బాగుంటాయి, పుఖ్‌రాజ్ లోపల పసుపుగా, తేమ ఎక్కువగా ఉంటుంది. చిప్స్ కంపెనీల కోసం 1998లోనే తెచ్చిన కుఫ్రీ చిప్సోనా రకాల్లో పిండి ఎక్కువ, చక్కెర తక్కువ. మనకి కావలసింది అదే. బోయిన్‌పల్లి మార్కెట్లో గానీ రైతుబజార్లో గానీ "చిప్స్ ఆలు" అనో "షుగర్ ఫ్రీ" అనో అడగండి, తెలిసిన వ్యాపారి ఇస్తాడు. కిలోకి కొన్ని రూపాయలు ఎక్కువ ఉంటుంది.

అది దొరక్కపోతే కోసి చూడండి. పిండి ఎక్కువ ఉన్న దుంప కోస్తే చాకుకి పాలలాంటి తెల్లటి జిగట అంటుకుని, ఆరితే పొడిలా రాలుతుంది. చాకు శుభ్రంగా, నీళ్లతో తడిసినట్టు బయటికొస్తే అది కూర దుంప. ఇంకా ఖచ్చితంగా కావాలంటే ఒక కప్పు ఉప్పుకి 11 కప్పుల నీళ్లు కలిపి దుంప వేయండి. మునిగితే పిండి దుంప, తేలితే తేమ దుంప. పది దుంపలు కలిపి వేసి మునిగినవి ఓవెన్‌కి, తేలినవి సాంబారుకి.

అసలు తలనొప్పి కోల్డ్ స్టోరేజీ దుంపలతో. ఆగ్రా వైపు నుంచి మనకి వచ్చే దుంప ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్విందే నవంబరు దాకా చల్లటి గిడ్డంగుల్లో ఉంటుంది. 2 నుంచి 4 డిగ్రీల చలిలో దుంపలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. అలాంటి దుంప కూరలో తియ్యగా తగులుతుంది, నూనెలోనో ఓవెన్‌లోనో పెడితే లోపల వేగకముందే పైన నల్లబడుతుంది. ఒక పలచటి చక్రం కోసి వేడి నూనెలో వేసి చూడండి, రెండు నిమిషాల లోపే అంచులు ముదురు గోధుమ రంగుకి వచ్చి ఇంకా మెత్తగా ఉంటే చక్కెర దుంప అన్నమాట. గోనెసంచిలో చీకటిగా, గాలి తగిలే చోట వారం పది రోజులు ఉంచితే కొంత తగ్గుతుంది. మీరు ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టినా జరిగేది ఇదే, కాబట్టి పచ్చి దుంపలకి ఫ్రిజ్ వద్దు. పచ్చరంగు తిరిగినవి మాత్రం ఎంత కారు చౌకగా వచ్చినా తేవొద్దు, అందులోని సొలనిన్ అనే విషం ఉడికించినా పోదు.

జనవరి, ఫిబ్రవరిలో జహీరాబాద్ వైపు నుంచి వచ్చే కొత్త దుంపలు, గోటితో గీకితే తొక్క ఊడేవి, ఈ పద్ధతికి అంతగా కుదరవు. వాటిని తొక్కతోనే పూర్తిగా ఉడికించి, నూనె రాసిన ట్రే మీద పెట్టి, చెంబు అడుగుతో ఒక్కొక్కటీ వేలు మందంలో చితక్కొట్టి, పైన నూనె చల్లి 220లో 35 నిమిషాలు పెట్టండి. చిరిగిన అంచులన్నీ అప్పడంలా వస్తాయి. నిజం చెప్పాలంటే ఆ రెండు నెలలు నేను ఇంట్లో ఇదే చేస్తాను.

అమెరికాలో ఉన్నవాళ్లు కింద అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. రసెట్ దుంపతో పొర బాగా కరకరలాడుతుంది, యూకాన్ గోల్డ్‌తో లోపల వెన్నలా ఉండి పొర కాస్త పలచగా వస్తుంది. ఓవెన్ 450 ఫారెన్‌హీట్, కన్వెక్షన్, అంటే ఫ్యాన్, ఉంటే 425. యూకేలో మారిస్ పైపర్ రకం దుంప తీసుకుంటే వేరే ఆలోచన అక్కర్లేదు. గ్యాస్ ఓవెన్ అయితే మార్క్ 7, ఫ్యాన్ ఓవెన్ అయితే 200.

ఎయిర్ ఫ్రయ్యర్ ఉన్నవాళ్లు కూడా గిన్నె పని మొత్తం ఇలాగే చేసి, అర కిలోకి మించకుండా 200లో 20 నుంచి 25 నిమిషాలు పెట్టండి, మధ్యలో రెండు సార్లు కుదపండి. కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ మోడ్‌లోనే, అది వెళ్లగలిగిన గరిష్ఠ వేడిలో. మైక్రోవేవ్ కూడా కలిసి నడిచే కాంబినేషన్ మోడ్ పెట్టారంటే లోపలి నీరు ఒక్కసారిగా పైకి తన్ని మళ్లీ తోలే.

మీ ఆదివారం సంగతికి వద్దాం. ఎనిమిది మందికి నంజుకోవడానికైతే కిలోన్నర పచ్చి దుంపలు కావాలి, వేగాక బాగా తగ్గుతాయి. మీ ట్రేలో ఒక్క వరసలో కిలోకి మించి పట్టవు. అందుకని శనివారం రాత్రే ఉడికించి, నూనె లేకుండా కుదిపి, పళ్లెంలో పరిచి, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఇది పని తగ్గించుకునే చిట్కా మాత్రమే కాదు, ఫ్రిజ్‌లోని పొడి గాలికి పైపొర ఇంకా ఆరుతుంది, పొద్దున చేసిన వాటికంటే ఇవే బాగా వస్తాయి. ఉడికిన దుంపలకి ఫ్రిజ్ భయం లేదు, ఆ చక్కెర గొడవ పచ్చి వాటికే. పొద్దున ఓవెన్‌లో పెట్టేముందు నూనె వేడిచేసి పట్టించండి.

రెండు విడతలుగా చేయండి. మొదటి విడత దాదాపు పూర్తయ్యాక, అంటే లేత బంగారు రంగులో, తీసి జాలీ మీద పరచండి. రెండో విడత పూర్తిగా వేగాక, మొదటివి కూడా ఆ ట్రేలోనే పైన చేర్చి, 230లో ఏడెనిమిది నిమిషాలు. ఈసారి ఒత్తుగా ఉన్నా పర్వాలేదు, అప్పటికే తడి పోయింది కాబట్టి. భోజనం ఒంటిగంటకైతే మొదటి ట్రే పదిన్నరకి లోపలికి వెళ్లాలి. చుట్టాలు ఆలస్యంగా వస్తే ఓవెన్ 100కి తగ్గించి, తలుపు సందులో చెక్క గరిటె పెట్టి కొంచెం తెరిచి ఉంచండి, అరగంట దాకా నిలుస్తాయి.

హాట్ బాక్స్‌లో మాత్రం పెట్టకండి. పెద్దవాళ్లు "చల్లారిపోతాయమ్మా, మూత పెట్టు" అంటారు, అయినా పెట్టకండి. మూత పెట్టిన అయిదు నిమిషాలకే సొంత ఆవిరికి మెత్తబడతాయి. అందరూ కూర్చుని, అన్నం, పప్పుచారు వడ్డించాక, వెడల్పు పళ్లెంలో దుంపలు తెచ్చి అప్పుడు కారం చల్లి వడ్డించండి. అన్నం మీద వేయకుండా కంచం అంచున వేయమని వడ్డించేవాళ్లకి చెప్పండి, చారు తగిలితే అక్కడితో సరి.

మిగిలితే ఎలా అని చివర్లో అడిగారు. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే రబ్బరు ముక్కలవుతాయి. 200 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది నిమిషాలు పెడితే చాలావరకు తిరిగొస్తాయి. లేదంటే మర్నాడు పొద్దున పెనం మీద చితిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి ఎర్రబడనిచ్చి, పైన రెండు గుడ్లు కొట్టండి. ఫొటో పెట్టండి, అడుగు వైపుది కూడా. పైన రంగు బాగున్నా అడుగు తెల్లగా ఉంటే ట్రే ఇంకో మెట్టు కిందికి దింపాలి, అది ఫొటో చూసి చెప్తాను.